మూల మీద రాసిన మాట

జూన్ 4

పిన్నికి,

చిన్నప్పుడు నీ వెంట పరుపు కొలతలకి తిరిగి ఈ పేరు తెచ్చుకున్న నీ కొలబద్ద రాస్తోంది. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, ఆఁ, సరే" అంటావు గాని ఒక్క ముక్కా వినపడదని నాకు తెలుసు. అన్నేళ్ళు దూది ఏకే మిషను పక్కన కూర్చున్న చెవులకి మనుషుల గొంతు ఆనదు. అందుకే ఇకనుంచి మన మాటలన్నీ కాగితం మీదే.

ముందు మంచి కబురు. మన వీధిలో ఎనిమిది కొట్ల పని మా ఆఫీసుకే వచ్చింది. అందులోనూ నా బల్ల మీదకే వచ్చింది. మీ ఎనిమిదిమందీ స్థలాలు కలిపి ఒకటి చేస్తే, దాని మీద ఒకే భవనం లేస్తుంది. కింద కొట్లు, మీద నాలుగు అంతస్తుల ఇళ్ళు, నడుమ ఆకాశం కనిపించే ఆవరణ. ఇళ్ళు అమ్మిన డబ్బుతో అప్పు తీరుతుంది, కొట్లు మీకు మిగులుతాయి. వాన నీళ్ళు వృథా పోకుండా నేల కింద తొట్టిలో చేరతాయి. ఏసీలు లేకుండా గాలితోనే గదులు చల్లబడతాయి. అప్పిచ్చే సంస్థవాళ్ళవి రెండే షరతులు. భవనం తన ఊపిరి తనే తీసుకోవాలి, ఎనిమిదిమందీ సంతకం పెట్టాలి. అప్పుడే తక్కువ వడ్డీ. ఒక్కరు కాదన్నా ఫైలు మూసేస్తారు.

మధ్యాహ్నం ఆఫీసులో అందరూ కునికే వేళ నేను ఆ బొమ్మలోకి వెళ్ళి తిరుగుతుంటాను. ఇంకా కట్టని మెట్లు ఎక్కుతాను, ఇంకా బిగించని కిటికీ తీస్తాను. గాలి వస్తుంది. ఆ గాలిలో ఒక దూదిపింజ తేలుతూ వెళ్తుంది. అది నీ కొట్టుదేనని ఆ మగతలో కూడా నాకు తెలుస్తుంది. పక్క బల్ల అతను దగ్గితే మెలకువ వచ్చి చూసుకుంటాను, చేతిలో పెన్సిలు ఉంటుంది.

ప్లాను పంపుతున్నాను. తీరిగ్గా చూడు. మూల మీద రాసిన మాట మరీ మరీ చూడు, ఈ ప్లాను ప్రాణమంతా అక్కడే ఉంది. తాళాల మామయ్యకీ అద్దాల అత్తకీ నువ్వే చదివి వినిపించాలి. నువ్వు ఊ అంటే వీధంతా ఊ అంటుంది.

ఉంటాను,
నీ కొలబద్ద


జూన్ 12

కొలబద్దకు దీవెనలు.

ప్లాను అందింది. మిషను గాలికి ఎగిరిపోకుండా నాలుగు మూలలా సూదుల డబ్బాలు పెట్టి బల్ల మీద పరిచాను. తాళాల మామయ్య వచ్చి చూసి, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అప్పింకా పుట్టలేదు, కిటికీలు గీసేసిందమ్మా మీ పిల్ల" అన్నాడు. అన్నాడే గాని ప్రతి తలుపు దగ్గరా వేలు ఆపి, "దీనికి తాళం ఎటు?" అని అడుగుతూనే ఉన్నాడు. అద్దాల అత్తకి ఆవరణ నచ్చింది. అంత ఆకాశం ఉంటే తన అద్దాలన్నిట్లోనూ మబ్బులే కనిపిస్తాయట. కొనేవాళ్ళకి మొహాలు కనిపించకపోయినా పర్వాలేదట.

నా అలవాటు నీకు తెలిసిందే. ఎవరింటికి పరుపు కొలతకి వెళ్ళినా ముందు నేల మీద వెల్లకిలా పడుకుని చూస్తాను. గాలి ఎటునుంచి తగులుతుంది, వెలుతురు కంట్లో పడుతుందా, ఇవి తెలియకుండా మంచం ఎటు వేస్తారు, పరుపు ఎంత కుడతాం? జనం నవ్వుతారు, నవ్వనీ. నీ ప్లానులో కూడా కళ్ళు మూసుకుని ఒక్కొక్క గదిలో పడుకుని చూశాను. బాగున్నాయి. రెండో అంతస్తు పడమటి గదిలో నిజంగానే నిద్రపట్టేసింది. గిరాకీ వచ్చి లేపితే, ఇంత ఎత్తు మీదకి ఈయన ఎలా వచ్చాడా అనుకున్నాను.

మూల మీద నువ్వు రాసిన మాట చూశాను. మన కొట్టు ఉన్న మూలే కదా. ఒక్క మాటే అయినా అర్థమైంది. అది మాత్రం నేను ఎవరికీ చదివి వినిపించలేదు. నెలాఖరుకల్లా ఖాళీ చేసుకుంటాను. నువ్వు మనసులో ఏమీ పెట్టుకోకు. పెద్ద పనుల్లో చిన్నవి అటూ ఇటూ అవుతాయి, ఆ మాత్రం తెలియనిదాన్ని కాదు.

తిండి వేళకి తిను.

మీ పిన్ని


జూన్ 17

బంగారు పిన్నికి,

నీ ఉత్తరం చదివి గాల్లో తేలుతున్నాను. ఆ మూల సంగతి నువ్వు ఒక్క చూపులో పట్టేశావు, మా ఆఫీసులో పట్టడానికి నెల పట్టింది. అక్కడ "ఖాళీ" అని రాసినందుకు నన్ను దూదేకినట్టు ఏకారు. ఆ చోట కూడా ఒక కొట్టు పెడితే అద్దె వస్తుంది కదా అన్నారు. నేను ఒప్పుకోలేదు. అక్కడ కొట్టంటూ ఉంటే ఈ భవనమే అక్కర్లేదు, ఆ మూల ఖాళీ కావాల్సిందేనని మంకుపట్టు పట్టాను. ఆఖరికి నా మాటే నెగ్గింది. నీకు కోపం వస్తుందేమోనని లోపల చిన్న బెదురు ఉండేది. అదీ పోయింది.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. నా అద్దె గది కిటికీ అద్దం మీద నీళ్ళు జారుతుంటే ఎదుటి భవనాలన్నీ కరిగి వీధిలోకి ప్రవహిస్తున్నట్టు ఉంటుంది. ఇన్ని గోడలు కట్టి వాటిని కాసేపు నీళ్ళుగా చూడటం నాకు భలే ఇష్టం.

ఖాళీ చేసుకుంటానన్నావు, చాలా సంతోషం. కానీ నెలాఖరు దాకా ఎందుకు పిన్నీ? ఇక్కడ అందరం నీ కోసమే ఆగి ఉన్నాం. ఎంత తొందరగా ఖాళీ చేసుకుంటే అంత మంచిది. ఆ తరవాత సంతకానికి ఇక్కడికే రా, నాలుగు రోజులు నా దగ్గర ఉందువుగాని.

నీ కోసం చూస్తూ,
కొలబద్ద


జూలై 1

అమ్మాయికి,

ఉత్తరం పైన చిరునామా మారింది, గమనించు. బస్సు డిపో వెనక ఒక రేకుల షెడ్డు అద్దెకి తీసుకున్నాను. నువ్వు తొందరపెట్టావు కనక కొట్టు ముందే ఖాళీ చేసేశాను. మిషను ఇక్కడ పట్టదు, అమ్మేశాను. ఇప్పుడు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే సూది గుడ్డలో దిగిన చప్పుడు కూడా వినపడుతోంది. అన్నేళ్ళు నాదనుకున్న చెవుడు మిషనుదేనేమో.

రేకుల మీద చిల్లులు ఉన్నాయి. పొద్దెక్కితే నేల మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడి, సాయంత్రం దాకా మెల్లగా గోడవైపు నడుస్తాయి. వాటిని చూస్తూ నిన్న మధ్యాహ్నం కునుకు తీశాను. కలలో నీ భవనం కట్టేశారు. నేను నెత్తి మీద పరుపు పెట్టుకుని మెట్లు ఎక్కుతున్నాను. ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో నవ్వుతూ, "మాది కాదండీ, పైన అడగండి" అంటున్నారు. ఎక్కి ఎక్కి మేడ మీదకి వెళ్ళాను. అక్కడ ఎవరూ లేరు, గాలి మాత్రం బాగుంది. పరుపు దించుకుని దాని మీదే కూర్చున్నాను. మెలకువ వచ్చాక కూడా చాలాసేపు మెడ నొప్పిగా ఉంది.

వీధి సంగతి చెప్పాలి. మన కొట్టుకి తాళాల మామయ్య తనే తాళం వేశాడు, డబ్బు తీసుకోలేదు. "సొంత పిన్నినే ఖాళీ చేయించింది, మనమో లెక్కా?" అంటున్నాడు. నేను నిన్ను వెనకేసుకొచ్చాను. చదువుకున్న పిల్ల, ఏదో కారణం ఉంటుందన్నాను. నలుగురు సంతకం పెట్టేది లేదని తేల్చేశారు. నన్ను అడిగితే నేనేం చెప్పను?

నా సంతకం నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు పెడతాను. కాగితాలు ఇక్కడికే పంపు. అక్కడికి రావడానికి మాత్రం మనసు రావడం లేదు.

పిన్ని


జూలై 6

పిన్నీ,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద విప్పి అక్కడే కూలబడ్డాను. దాటుకుంటూ వెళ్ళేవాళ్ళు ఏమనుకున్నారో తెలీదు.

నేను నిన్ను ఖాళీ చేయమనలేదు. మా పనిలో ప్లాను మీద "ఖాళీ" అని రాస్తే అక్కడ ఏమీ కట్టకూడదని అర్థం. గాలి ఆవరణలోకి రావడానికి వదిలిన దారి అది. అది మూసుకుంటే గదులన్నీ ఉక్కపోస్తాయి, ఏసీలు పెట్టుకోవాలి, తక్కువ వడ్డీ పోతుంది. నువ్వు "ఖాళీ చేసుకుంటాను" అని రాస్తే, తీరిక చేసుకుని సంతకానికి వస్తావనుకున్నాను. అందుకే తొందరగా ఖాళీ చేసుకోమన్నాను. నేను రాసినవన్నీ ఇప్పుడు నీ కళ్ళతో చదువుకుంటున్నాను. ఎంత చల్లగా రాశానో.

నీ కొట్టు ఉంది పిన్నీ. ఆవరణకి ఎదురుగా మూడోది చూడు. దాని మీద చిన్నగా "ప" అని ఉంటుంది. పరుపులు అని. ఇప్పటిదానికంటే కాస్త పెద్దదే.

ఆ మూలకి గాలి వస్తుందని నాకెలా తెలుసో ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. అమ్మ నర్సు ఉద్యోగం మీద ఊళ్ళు పట్టుకుని తిరిగిన రోజుల్లో, బడి నుంచి వచ్చి నీ దూది బేళ్ళ మీద పడుకునేదాన్ని. ఆ వీధి మలుపు నుంచి గాలి వచ్చి నా వీపు మీదుగా లోపలికి పోయేది. మిగతా లెక్కలన్నీ కంప్యూటరు చేసింది. ఈ ఒక్కటి నా వీపు చెప్పింది.

అయినా ఒక మాట నిజం. నీ కొట్టు ఆ మూల నుంచి కదలాలి. అది ప్లాను మీద రాసే బదులు నీ పక్కన కూర్చుని నోటితో చెప్పాల్సింది. నీకు కోపం వస్తుందని భయపడి కాగితం వెనక దాక్కున్నాను.

సంస్థ గడువు జూలై నెలాఖరు. దయచేసి వీధిలో వాళ్ళకి ఇదంతా చెప్పు. మిషను ఎవరికి అమ్మావు?

కొలబద్ద


జూలై 14

కొలబద్దా,

మొదట నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది, ఆ తరవాత ఉత్తరం పట్టుకుని వీధికి వెళ్ళాను. తాళాల మామయ్య కొట్టు అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి పూర్తిగా చదివి వినిపించాను. వీపు ముక్క దగ్గర అద్దాల అత్త కళ్ళు తుడుచుకుంది. మామయ్య నా తాళంచెవి నాకిచ్చేసి, "ఒక్క మాటకి ఇన్ని అర్థాలుంటే తాళాలు చేయడమే నయం, ఒక తాళానికి ఒక చెవే" అన్నాడు. మిషను కొన్నాయన తిరిగి ఇవ్వడు. నాకూ అక్కర్లేదు. ఈ నిశ్శబ్దానికి అలవాటు పడ్డాను.

అంతా చల్లబడిందనుకుంటున్నావేమో, ఆగు.

నువ్వు "ప" అని రాసిన మూడో కొట్టులోకి వెళ్ళి పడుకుని చూశాను. కళ్ళు మూసుకుంటే వెలుతురు మెత్తగా తెలిసింది, ఆవరణలో పిల్లల అడుగులు వినిపించాయి, గాలి నువ్వు చెప్పిన దారినే వచ్చి పాదాలకి తగిలింది. హాయిగా ఉంది. ఇంతలో షట్టరు దించే వేళయింది. వెనక్కి తిరిగాను. వెనక గది లేదు. గోడ ఉంది.

షట్టరు దించాక నేనెక్కడికి వెళ్ళాలి?

కింద కొట్లు, మీద ఇళ్ళు అని మీ ఆఫీసు ఏదో కొత్తది కనిపెట్టినట్టు రాశావు. మనం ఎప్పటినుంచో ముందు కొట్టు, వెనక ఇల్లు. నేనూ, తాళాల మామయ్యా, అద్దాల అత్తా, ఇంకో ఇద్దరూ ఆ వెనకే వండుకుంటాం, ఆ వెనకే పడుకుంటాం. నువ్వు పదో తరగతి దాకా చదివింది ఆ వెనకే. మీద కట్టే ఇళ్ళన్నీ అమ్మకానికే అంటున్నావు. మేం కొనలేం. మామయ్య కోపమంతా ఇదే, చెప్పడం రాక నీ మీద విసుక్కున్నాడు.

నువ్వు గాలిని గుర్తుపెట్టుకున్నావు, కొట్టునీ గుర్తుపెట్టుకున్నావు. మంచం మర్చిపోయావు. నాకు అదే కష్టంగా ఉంది. ఎప్పుడంటే అప్పుడు సంతకం పెడతానని రాశాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయిదుగురం మా మంచాలు ప్లానులో కనిపించేదాకా పెట్టం.

నీ మీద ప్రేమ లేక కాదు.

పిన్ని


జూలై 24

పిన్నికి,

నీ ఉత్తరం చదివాక ఆఫీసులో మన వీధి ఫైలు తీశాను. మునిసిపాలిటీ రికార్డు చూసి రాసుకున్న పేజీ ఉంది. "కొట్లు: ఎనిమిది. నివాసాలు: లేవు." ఆ పేజీ నా చేతిరాతే. అక్కడ పెరిగిన మనిషిని, అక్కడెవరూ ఉండరని నేనే రాశాను. రాసేటప్పుడు చెయ్యి ఆగలేదు.

మర్నాడు అప్పిచ్చే సంస్థలో మన ఫైలు చూసే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముందు లెక్కే చెప్పింది. అయిదు ఇళ్ళు మీకిస్తే అమ్మడానికి అయిదు తగ్గుతాయి, అప్పు తీరే దారి సన్నబడుతుంది, అంత అప్పు ఇవ్వలేమంది. నేను ఉన్నట్టుండి, మీరు ఎక్కడ పడుకుంటారండీ అని అడిగాను. ఎంత పిచ్చి ప్రశ్నో. ఆవిడ కోప్పడలేదు. తన చిన్నప్పుడు వాళ్ళ నాన్న టైరు పంక్చర్ల కొట్టు వెనకాల ఉండేవాళ్ళమని చెప్పింది. దానివల్ల లెక్కేమీ మారలేదు. కాకపోతే ఇద్దరం కలిసి మళ్ళీ కూర్చున్నాం.

ఇలా కుదిరింది. అప్పు తగ్గుతుంది కనక పై అంతస్తు ఉండదు. నాలుగు కాదు, మూడే. తీర్చే గడువు ఇంకొన్నేళ్ళు పెంచారు, ఆ ఏళ్ళన్నీ కొట్లవాళ్ళు నెలనెలా కొంత కడుతూ ఉండాలి. అయిదుగురికీ మొదటి అంతస్తులో ఇళ్ళు, అమ్మకానికి కాదు. మా పెద్దసారు, "మీ పిన్ని కోసం ఒక అంతస్తు కూల్చావు" అన్నారు. కట్టనిదాన్ని కూల్చడమేంటి సార్ అన్నాను. ఆయన నవ్వలేదు. తరవాత వచ్చే పెద్ద పని నా బల్ల మీదకి రాదట. బాధగానే ఉంది, దాచను.

ఆ అంతస్తుని నేనే రబ్బరుతో చెరిపాను. గదులు, కిటికీలు, బట్టలారేసుకునే చోట్లు, అన్నీ మెల్లగా పొగమంచులోకి వెళ్ళిపోయాయి. కాగితం మీద రబ్బరు పొడి మిగిలింది, ఊదేశాను. ఆకాశం ఒక అంతస్తు కిందకి దిగింది. ఇప్పుడు ఆవరణలోకి వెలుతురు ఇంకాస్త ముందే వస్తుంది.

మంచం మర్చిపోయినందుకు క్షమించమని అడగను, నువ్వు క్షమించేస్తావు. కొత్త ప్లాను పంపుతున్నాను. నీ గదిలో పడుకుని చూసి, ఎలా ఉండాలో రాయి. గడువుకి ఇంక వారమే ఉంది.

నీ
కొలబద్ద


జూలై 29

నా తల్లికి,

ఎనిమిది సంతకాలూ అయ్యాయి. కాగితాలు ఈ ఉత్తరంతోనే స్పీడు పోస్టులో పంపుతున్నాను. తాళాల మామయ్య ఆఖరి దాకా కలం మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. నెలనెలా కట్టాలంటే అమ్మో అన్నాడు, బతికుండగా తీరుతుందా అన్నాడు. అద్దాల అత్త ఆయన చేతిలోంచి కలం లాక్కుని తను పెట్టేసి మళ్ళీ ఇచ్చింది. అప్పుడు పెట్టాడు. ఇంటికి వెళ్ళే దారిలో, "మొదటి అంతస్తులో నాదెటువైపు?" అని మూడుసార్లు అడిగాడు.

పోయిన పని గురించి బెంగపడకు అనను. బెంగపడు, తప్పదు. నాకూ మిషను తలుచుకుంటే పొద్దున లేవగానే చెయ్యి దాని కోసం వెతుకుతుంది. ఇద్దరం తలా ఒకటి పోగొట్టుకున్నాం.

నా గదిలో పడుకుని చూశాను. గోడలు ఇంకా తడిగా ఉన్నట్టూ, కింద ఎవరో మెల్లగా ఊడుస్తున్నట్టూ అనిపించింది. గాలి వచ్చింది. చాలాసేపు కళ్ళు తెరవలేదు. అన్నేళ్ళు ఎవరెవరి గదుల్లోనో పడుకుని చూసి లేచొచ్చేశాను. ఇది లేవక్కర్లేని గది అని తెలిసి, సిగ్గులేకుండా ఏడ్చాను.

ఎలా ఉండాలని అడిగావు. వంటింటి అలమర కాస్త కిందకి దించు, నాకు అందదు. బాగానే గీశావు, ఒక్కటే లోటు. కిటికీ పక్కన ఒక్క మంచమే గీశావు. రెండు పట్టేలా గీయి. గోడ జరపాల్సొస్తే జరుపు, మామయ్య గొణిగితే నేను చూసుకుంటాను. నువ్వు ఎప్పుడొస్తావని, వస్తావా అని నేను అడగను. నీకు అక్కడ పని ఉంది, అద్దె గది ఉంది, వాన చూసే కిటికీ ఉంది. రెండో మంచం ఉండాలి, అంతే. దాని పరుపు మొదలుపెట్టాను.

మీ పిన్ని